జోడీ గులాం వేస్తే

చర్చి నుంచి వచ్చి చీరైనా మార్చుకోకుండా తబిత కోడికూర పొయ్యి మీద పెట్టింది. ముందుగదిలోంచి మావయ్య లూకా గొంతు వినబడుతోంది.

"పేరు సెప్పి వెయ్యమ్మా ఏంజలినూ. ఏ ముక్కేసినా పేరు సెప్పాల."

"కళావరు పది, మావయ్యా."

"శెభాష్!"

తబిత గరిటెను గిన్నె అంచు మీద ఠంగుమని కొట్టింది. శెభాషట! ఒకటో తరగతి పిల్లలా ముక్క పేరు చదివినందుకు శెభాషట! తను నేర్చుకున్న రోజుల్లో ఆ ఒక్క మాట కోసం ఆరు నెలలు కాచుకుంది. కొత్తొక వింత, పాతొక రోత అని ఊరికే అన్నారా పెద్దలు?

ఝపటాపూర్‌లోని ఆ ఇంట్లో ఆదివారం చర్చి అయ్యాక చాప పరిచి ఇరవై తొమ్మిది అనే పేకాట ఆడటం ఏళ్లనాటి అలవాటు. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన లూకాకి డబ్బు పెట్టి ఆడటం గిట్టదు, ఆట పోతే మాత్రం రాత్రి అన్నం సహించదు. పదకొండేళ్ల కిందట తబిత పెద్దకోడలిగా వచ్చేనాటికి ఆమె తండ్రి పోయి ఏడాది తిరగలేదు. కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చేది. లూకా ఏమీ అడగలేదు. ఓ ఆదివారం పేక తెచ్చి, "నా ఎదురుగా కూర్సో అమ్మా" అన్నాడు.

"ఈ ఆటలో గులామే పెద్దముక్క, మూడు పాయింట్లు. దాని తరవాత తొమ్మిది, రెండు పాయింట్లు. ఎదురుగా కూసున్నోళ్లే జోడీ. జోడీ గులాం ఏస్తే నీ తొమ్మిది దాసుకోకు, దాని మీద పడెయ్. నీదీ నాదీ అని సూసుకుంటే ఇద్దరిదీ పోద్ది." ఇదీ మొదటి పాఠం.

అప్పట్నుంచి ఆ ఎదురు చోటు తబితది. బీరువా తాళాలు అత్తగారివి, ఇల్లు మావయ్యది, మొగుడు రోజుల తరబడి రైలు డ్యూటీలవాడు. గుండె మీద చెయ్యేసుకుని నాదని చెప్పుకోగలిగింది ఆ మూరెడు చాపే. ఇప్పుడు దాని మీద మూడు నెలల కొత్తకోడలు ఏంజలిన్ బాసింపట్టు వేసుక్కూర్చుంది. పాస్టరుగారి కూతురు, పెళ్లయ్యేదాకా పేకముక్క ముట్టి ఎరగదు. అలాంటిది వరసగా ఆరు ఆదివారాలు!

ఆ రోజు భోజనాల దగ్గర లూకా అసలు బాంబు పేల్చాడు.

"ఈస్టర్ సోమవారం నా నేస్తం దేముడోళ్లతో ఆటకి ఏంజలిన్ కూర్సుంటాది."

తబిత చేతిలో పులుసు గరిటె ఆగిపోయింది. "మరి నేనో, మావయ్యా?"

"నీకు వచ్చు గదమ్మా. పక్కన కూసుని సూడు."

"కొత్తపిల్ల, సరదా పడతంది గదే," అంది అత్తగారు సుజాతమ్మ.

ఆ రాత్రి కూరలో ఉప్పు రెండుసార్లు పడింది.

దేముడు లూకాతో పాటు అదే వర్క్‌షాపులో ముప్ఫై ఏళ్లు పనిచేసినవాడు, మలంచాలో ఉంటాడు. ఏటా ఈస్టర్ మర్నాడు రెండిళ్లకీ పోటీ. గెలిచినవాళ్ల ఇంట్లో ఏడాదంతా ఒక సొట్టల టీ కెటిల్ ఉంటుంది, వర్క్‌షాప్ రోజుల నాటిది. అమ్మితే పది రూపాయలు రాని ఆ కెటిల్ కోసం ఇద్దరు ముసలాళ్లూ ప్రాణం పెడతారు. ఐదేళ్లుగా అది ఈ ఇంటి అలమరలోనే ఉంది, తబిత చలవ వల్ల.

శనివారం సాయంత్రం ఏంజలిన్ వంటింట్లోకి వచ్చి పక్కనే పీట వేసుకుంది.

"అక్కా, కాళ్లూ సేతులూ ఆడతం లేదు. మావయ్య గులాం ఏస్తే నా తొమ్మిది దాని మీద ఎయ్యాలన్నారు. ప్రతీసారీ ఎయ్యాలా?"

తబిత కత్తిపీట మీద ఉల్లిపాయని రెండుగా కోసింది. నిజం నాలుక చివరిదాకా వచ్చింది, వెనక్కి పోయింది.

"పోటీ ఆట వేరు. గులాం వెళ్లిపోయాక నీ తొమ్మిదే పెద్దది గదా? దాసుకో. తరవాత అదే సొంతంగా గెలుస్తాది."

"మీరు సెప్పకపోతే ఏటయ్యేదో అక్కా!" అంటూ ఆ పిల్ల తబిత భుజానికి తల ఆనించింది. తబితకి భుజం మీద నిప్పు పడ్డట్టయింది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

సోమవారం దేముడూ, భార్య సింహాచలమ్మా వచ్చారు. లూకా కిటికీ పక్క వెలుతురులో కూర్చుని, "అందరూ పేరు సెప్పి వెయ్యండి, పిల్లకి అలవాటవ్వాల" అన్నాడు. దేముడు నవ్వి సరేనన్నాడు. రెండు చేతులు ఇటు, ఒక చెయ్యి అటు. ఇంకొక్కటి గెలిస్తే ఆట మనదే అన్నప్పుడు లూకా ఇరవై పాయింట్లకి పాడి, ఆఠీను గులాం వేశాడు. ఏంజలిన్ ఏడు వేసి తొమ్మిది దాచుకుంది. తరవాత ఆ తొమ్మిదిని ధైర్యంగా దించేసరికి, చేతిలో ఆఠీను లేని దేముడు తురుపుతో ఠపీమని కొట్టాడు. లెక్క చూస్తే పద్ధెనిమిది. సరిగ్గా ఆ రెండే తగ్గాయి. ఇద్దరూ సమానమైపోయారు.

"ఒరే లూకా, నీ కోడలు తొమ్మిదుండి దాసినాదిరా!" దేముడు పగలబడి నవ్వాడు.

లూకా నవ్వలేదు. "ఎవరు సెప్పినారమ్మా అలాగ?"

ఏంజలిన్ ఒక్కసారి తబిత వైపు చూసి తల దించుకుంది. "ఎవరూ లేదు మావయ్యా. నాకే తోసింది."

ఊరుకుంటే అక్కడితో పోయేది. కానీ ఆ పిల్ల తనని కాపాడటం తబిత భరించలేకపోయింది.

"నేనే సెప్పినాను! కావాలనే సెప్పినాను!" బయటివాళ్లున్నారని కూడా చూడలేదు. "పదకొండేళ్లు మీ ఎదురుగా కూసున్నాను మావయ్యా. ఏటి తక్కువ సేసినాను? ఆ సోటులో కూసుంటే మా నాన్న బతికున్నట్టుండేది. ఎత్తుకెళ్లి దానికిచ్చీసినారు!"

"ఛీ, నోరు ముయ్యే!" అంది సుజాతమ్మ. లూకా చెయ్యెత్తి ఆపాడు. చాప మీంచి ఒక ముక్క తీసి తబిత వైపు చాచాడు.

"ఇదేటమ్మా? ఆఠీనా, డైమనా?"

"డైమను ఏడు."

"నాకు ఎర్రగా కనబడతంది, అంతే." ఆయన గొంతు తగ్గింది. "ఎడం కన్ను ఎప్పుడో పోయినాది. కుడిదీ ఆరిపోతంది, పోయిన సూపు మరి రాదన్నాడు డాక్టరు. మీ అత్తకి కూడా సెప్పలేదు. పేర్లు సదివించింది అందుకే."

సుజాతమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"వొచ్చే ఏటికి నా సీటు నీదమ్మా. నీకు ఎదురుగా ఎవరు కూసుంటారు మరి? అందుకే దీన్ని తయారు సేస్తన్నాను. ఈ ఒక్క పోటీ నాతో ఆడితే బెరుకు పోద్దని కూసోబెట్టినాను. నాకిదే ఆకరాట."

ఆకరాట! ఆ ఆఖరాటని తబిత తన చేతులారా పాడుచేసింది. ఏడుపు దాచుకోవడానికి కుళాయి చప్పుడు కూడా లేదు. ఏంజలిన్ చటుక్కున లేచి, "అక్కా, మీరు కూసోండి. మీ సోటు ఇది" అంటూ చాప చూపించింది.

"ఏటయ్యా, ఆడదామా, పోదామా?" అంది సింహాచలమ్మ, కళ్లు ఒత్తుకుంటూ.

తబిత కొంగుతో ముఖం తుడుచుకుంది. ఏంజలిన్ రెండు భుజాలూ పట్టుకుని మళ్లీ అక్కడే కూర్చోబెట్టింది. "మావయ్య నిన్ను తయారు సేసినారు, నువ్వే ఆడాల. నేను సెప్పింది మరిసిపో. ఆయన సెప్పిందే సెయ్యి." తరవాత వెళ్లి లూకా వెనకాల, ఆయన భుజానికి ఆనుకుని కూర్చుంది. ముక్కలు పంచగానే ఒక్కొక్కటీ ఆయన చెవిలో చెప్పింది. "ఇది ఇస్పేటు. ఇది ఆఠీను మావయ్యా, డైమను కాదు."

లూకా మళ్లీ ఇరవైకే పాడాడు. తబిత చూపించిన ముక్క వేలితో తడిమి చాప మీదకి విసిరాడు.

"ఆఠీను గులాం!"

దేముడు ఏదో చిన్నముక్క వేశాడు. ఏంజలిన్ తబిత కళ్లలోకి చూసింది. తబిత తలూపింది.

"ఆఠీను తొమ్మిది, మావయ్యా!"

సింహాచలమ్మ దగ్గరా తురుపు పడలేదు. ఆ చెయ్యి ముగిసేసరికి ఇరవై రెండొచ్చాయి. "ఇంకో ఏడాది మీ కొంపలోనే తగలడనీ ఆ కెటిల్ని," అని దేముడు ముక్కలు విసిరేశాడు.

"శెభాష్," అన్నాడు లూకా. ఎదురుగా కాదు, మెడ తిప్పి వెనక్కి అన్నాడు. తబిత ఆయన భుజం మీద తల పెట్టి, పదకొండేళ్లలో మొదటిసారి అందరి ముందూ ఏడ్చింది.