ఇనుప లగ్గం

చేటలో బియ్యం చెరుగుతూ వసుమతి వీధివైపు ఒక కన్ను వేసి ఉంచింది. ఊక ఎగిరి వాకిట్లో పడుతోంది. రాళ్ళు ఏరి గడప పక్కన కుప్ప పెడుతోంది. మోకాలి దగ్గర కుంకుమ భరిణె మూత తెరిచి ఉంది. ఆ మూతలో అద్దం, అద్దం వెనక వేలెడంత కెమెరా.

రిక్షా ఆగింది. దిగిన మనిషిని నాంపల్లి సందులో ఎవరైనా రెండోసారి తిరిగి చూస్తారు. చేతుల్లేని జాకెట్టు, నల్ల కళ్ళద్దాలు, మెడ దగ్గరికి కత్తిరించిన జుట్టు. ఆబిడ్స్‌లో ఒక యంత్రాల ఏజెన్సీలో రిసెప్షనిస్టు. పేరు కేటీ. అసలు పేరు కోటేశ్వరమ్మ, ఊరు తెనాలి పక్కన. ఆ సంగతి తెలిసినవాళ్ళు హైదరాబాదులో ఇద్దరే. ఒకరు వసుమతి, రెండోవారు వసుమతి పై అధికారి.

గోనెగుడ్డలో చుట్టిన బరువైన వస్తువును రిక్షావాడు మోసుకొచ్చాడు. ఇంటాయన మొగులయ్య ఎదురువెళ్ళి దాన్ని రెండు చేతులా అందుకున్నాడు, నిద్రపోతున్న పసిపిల్లను అందుకున్నట్టు. కేటీ, ఆయనా పెరట్లోని షెడ్డులోకి వెళ్ళిపోయారు.

భరిణె మూత టక్కుమంది.

"ఏం చప్పుడు బిడ్డా?" పొయ్యి దగ్గర్నుంచి మొగులయ్య భార్య పూలమ్మ అడిగింది.

"రాయి చిన్నమ్మా. చేటకు తగిలింది."

"కంట్రోలు బియ్యంల రాళ్ళే మస్తుంటయి, బియ్యమే తక్వ." పూలమ్మ బయటికొచ్చి షెడ్డువైపు చూసి గొంతు తగ్గించింది. "గా పిల్లకు చలి వెట్టదా? చేతులన్నీ బయటనే ఉన్నయి."

"పట్నం ఫ్యాషన్ చిన్నమ్మా."

"మరి మనది పట్నం కాదా ఏంది?"

ఇద్దరూ నవ్వుకున్నారు. వసుమతికి ఆ నవ్వు లోపలెక్కడో గుచ్చుకుంది. ఈమధ్య ఆ ఇంట్లో నవ్వినప్పుడల్లా అలాగే అవుతోంది.

1971 నవంబరు. సరిహద్దుల్లో యుద్ధం రేపో మాపో అన్నట్టుంది. వసుమతి ఆ ఇంటి ముందుగదిని కిరాయికి తీసుకుంది దసరా ముందు. సందులో అందరికీ ఆమె టైపిస్టు. నిజానికి బోర్డు లేని ఒక ప్రభుత్వ శాఖలో ఏజెంటు. కేటీ ఆ శాఖకే రహస్యాలు మోసుకొచ్చే మనిషి. అయితే ఇక్కడి రహస్యాలను ఒక విదేశీ ముఠాకు కూడా చేరవేస్తోందని పైవాళ్ళకు అనుమానం. అలాంటిది, కప్లింగులు బిగించుకునే ఒక ముసలి ఫిట్టరు ఇంటికి ఎందుకు తిరుగుతోంది? ఆ ఒక్క ప్రశ్నకు జవాబు తేవడానికే వసుమతి వచ్చింది.

కప్లింగు అంటే ఏమిటో ఆమెకు ఈ ఇంట్లోనే తెలిసింది. ఇంజను తిప్పుతుంది. ఎదురుగా ఉన్న యంత్రం తిరుగుతుంది. ఆ రెండింటి షాఫ్టులను కలిపి పట్టుకునేది కప్లింగు. రెండు పోతఇనుప చక్రాలు, నడుమ బోల్టులు, బోల్టులకు రబ్బరు తొడుగులు. పనిలో ఉన్నప్పుడు దాన్నెవరూ పట్టించుకోరు. అది విరిగిననాడే అది ఉందని గుర్తొస్తుంది.

ఆ ఇంట్లో ఒకప్పుడు యాదమ్మ అనే కూతురు ఉండేదని కూడా వచ్చిన వారానికే తెలిసింది. ఆబిడ్స్‌లో ఒక ఆఫీసు ఇంజను గదిలో ఊడ్చేది. అక్కడి కప్లింగు మీద అడ్డు జాలీ లేదు. తిరుగుతున్న కప్లింగు కొంగును పట్టుకుంది. కొంగుతో పాటు పిల్లను కూడా.

"కొంగు జూసుకోలే, పిల్లదే తప్పు అన్నరు," అని పూలమ్మ చెప్పింది. ఏడవలేదు. అప్పటి నుంచి రోజూ పొద్దున వసుమతి ఆఫీసుకు బయల్దేరుతుంటే దగ్గరకొచ్చి, కొంగు చుట్టూ తిప్పి నడుం దగ్గర గట్టిగా దోపేది. ఏ ఆఫీసని వసుమతి అడగలేదు. గూఢచారి అడగాల్సిన ప్రశ్న అది. కన్నకూతురిలా పక్కన కూర్చుని అడగడానికి ఆమెకు నోరు రాలేదు.

*

ఆ మధ్యాహ్నం బురఖాలో ఒకామె మొజంజాహీ మార్కెట్‌లో ఐస్‌క్రీం దుకాణం ఫ్యామిలీ గదిలోకి వెళ్ళింది. కాసేపటికి బురఖా లేకుండా, నేత చీరలో వసుమతి బయటికొచ్చి ఆబిడ్స్ దారి పట్టింది. అక్కడ కళ్ళజోళ్ళ కొట్టులో ఆగింది.

"దూరం బాగానే కనిపిస్తోందండీ," అంది.

"దగ్గరిదే మసకేమో చూపించుకోండి," అన్నాడు కొట్టువాడు, కోడ్ ప్రకారం. వెనక తలుపు తెరుచుకుంది.

చీఫ్ కోదండరామయ్యది గుంటూరు. రాష్ట్రం ఏర్పడ్డ ఏడే హైదరాబాదు వచ్చాడు. ఆయన భాష మాత్రం ఇంకా గుంటూరు రైలు దిగలేదు. పొద్దుటి మూట సంగతి విని, బల్లమీది టెలిగ్రాం కాపీని ముందుకు తోశాడు.

"కేటీ బొంబాయికి కొట్టింది. చదువు."

'లగ్గం శుక్రవారం. ఇద్దరూ సిద్ధం.'

"తంతివాడు తప్పు కొట్టాడమ్మాయ్. లగ్గం కాదు, లగ్నం. అంటే ముహూర్తం. జీరో అవర్ అన్నమాట. ఇద్దరూ సిద్ధం అంటే ఇద్దరు ఏజెంట్లు దేశం దాటడానికి రెడీ." పక్కనున్న పంచాంగం తీశాడు. భారత ప్రభుత్వ గూఢచార శాఖ ఖర్చుతో కొన్న పంచాంగం అది. "శుక్రవారం సాయంత్రం వృషభ లగ్నం. ఆ వేళకు మన్మాడ్ వైపు రైలుంది కాచిగూడలో. మనవాళ్ళందరూ అక్కడే ఉంటారు."

"మరి మొగులయ్య సార్?"

"ఫిట్టరా? దారిలో తగిలిన మనిషి. ఇవ్వాళ తెచ్చిన మూటేమిటో చూశావా?"

"షెడ్డుకు తాళం వేశాడు. వాళ్ళ ఏజెన్సీ బిగించమని పంపిన కప్లింగే అంటోంది చిన్నమ్మ."

"చిన్నమ్మా!" చీఫ్ కళ్ళజోడు పైనుంచి చూశాడు. "కిరాయికి వెళ్ళావమ్మా. దత్తతకు కాదు."

వసుమతి తల వంచుకుంది. లగ్నం అన్న మాట ఆమెకూ సబబుగానే తోచింది. ఆమెదీ కృష్ణకు ఆవలి ఊరే మరి.

*

శుక్రవారం పొద్దున ఆమె లేచేసరికి షెడ్డు తలుపు బార్లా తీసి ఉంది. లోపల మూట లేదు.

"కాక ఏడి చిన్నమ్మా?"

"లగ్గం ఉన్నదని జల్దిన వోయిండు," అంది పూలమ్మ, జొన్నరొట్టె తిరగేస్తూ.

వసుమతి చేతిలో చెంబు అలాగే ఆగిపోయింది.

"ఎవరి లగ్నం?"

"లగ్నం కాదు, లగ్గం. పెండ్లి." పూలమ్మకు నవ్వొచ్చింది. "మనుషులది కాదులే. ఇనుప లగ్గం. రెండు షాఫ్టులుంటయి గద, తిప్పేటిదొకటి, తిరిగేటిదొకటి. నడుమ కప్లింగు గట్టినప్పుడల్ల గట్లనే అంటడు. మా యాదమ్మ లగ్గమైతే చేయకపోతి, గీ ఇనుముకే చేస్తున్న అంటడు."

ఇద్దరూ సిద్ధం. ఇద్దరు మనుషులు కాదు, రెండు షాఫ్టులు. తంతివాడు తప్పు కొట్టలేదు. గుంటూరు చెవులు తప్పు విన్నాయి.

"ఎక్కడ కడుతున్నాడు?"

పూలమ్మ వెంటనే చెప్పలేదు. రొట్టె మాడుతున్నా తీయలేదు. "ఆబిడ్స్ ఎన్క గల్లీల. మా యాదమ్మ వనిజేసిన జాగనే. గాడి పాత కప్లింగు అరిగిందట. నేను వద్దన్న బిడ్డా. గాడ అడుగు వెట్టకు అన్న. ఇనలే. రాత్రంత దాన్ని ఒళ్ళె వెట్టుకొని కూసున్నడు."

ఆబిడ్స్ వెనక సందు. ఇంజను గదీ, ఊడ్చే పనీ ఉన్న ఆఫీసు అక్కడ ఒక్కటే. సైన్యం సందేశాలు దక్షిణానికంతా అందించే వైర్‌లెస్ కేంద్రం. కరెంటు పోతే డీజిల్ ఇంజను, దానికి కప్లింగుతో కలిపిన, కరెంటు పుట్టించే ఆల్టర్నేటరు, ఆ రెండే దిక్కు. యుద్ధం ముందు ఇంజనును పూర్తి వేగంతో నడిపి చూసే ఫుల్‌లోడ్ టెస్టు ఈ రోజేనని శాఖ కాగితాల్లో చదివింది.

పూలమ్మ కొంగు దోపడానికి లేచేలోపే వసుమతి వీధిలో ఉంది. ఇరానీ హోటల్ నుంచి ఫోన్ చేసింది. కళ్ళజోళ్ళ కొట్టువాడు ఎత్తాడు. అందరూ కాచిగూడ వెళ్ళారన్నాడు. లగ్నం కోసం.

*

గుర్తింపు కార్డు చూసి సంత్రీ పక్కకు జరిగాడు. ఇంజను అప్పటికే నడుస్తోంది. ఇంకా నిమ్మళంగా, వేడెక్కుతూ. స్పీడు పెంచాల్సిన ఇంజనీరు అద్దాల గదిలో ఉన్నాడు. కేటీ అక్కడ లేదు. మొగులయ్య ఆవరణలో గోడకానుకొని గొంతుకూర్చుని ఉన్నాడు, చేతిలో ఆరిపోయిన బీడీ.

"కాకా! ఏం కట్టావు దానికి?"

ఆయన తలెత్తాడు. "నువ్వు గీడికెందుకొచ్చినవు బిడ్డా?"

"చెప్పు కాకా."

"పోతఇనుమే. లోపటికెల్లి రంపం దింపిచ్చి, సీసం నింపి, రంగేసి తెచ్చింది గామె. మెల్లగ తిరిగితే ఏంగాదు. స్పీడుకొస్తే పలుగుతది." ఆయన గొంతులో కోపం లేదు. బాగా అలిసిపోయిన మనిషి గొంతు. "గామెవరో, గా దేశం ముచ్చటేందో నాకెరుకలేదు. గీ మిషిని నా బిడ్డను మింగింది. ఇది ముక్కలు గావాలె. గంతే."

"లోపల ఊడ్చేవాళ్ళున్నారు కాకా!"

"లేరు. స్పీడు వెంచెటప్పుడు ఎవ్వలుండరన్నది."

"చూడు!"

తెరిచిన తలుపులోంచి ఇద్దరు ఆడవాళ్ళు కనిపించారు. ఒకామె మూల ఊడుస్తోంది. రెండో ఆమె ఇంజను పక్కనే వంగి నూనె తుడుస్తోంది. కొంగు జారి నేలమీద పడి ఉంది.

మొగులయ్య గోడ పట్టుకుని లేచాడు.

ఇంజను గొంతు మారింది. స్పీడు పెరుగుతోంది. వసుమతి అద్దాల గది తలుపును గుద్దింది. ఇంజనీరు విసుగ్గా అవతలికి పొమ్మని చెయ్యి ఊపాడు. ఆమె తన కొంగు నడుముకు దోపుకుని గదిలోకి దూకింది. మూలనున్నామెను చీపురుతో సహా బయటికి నెట్టింది. రెండో ఆమెకు ఆ హోరులో కేక వినబడలేదు. వసుమతి ఆమె జబ్బ పట్టి లాగింది. ఇద్దరూ గడప మీద పడ్డారు.

వాళ్ళను దాటుకుని మొగులయ్య లోపలికి పరిగెత్తాడు. కప్లింగుకు మూరెడు దూరంలో నిలబడి డీజిల్ ఆపే లివరును రెండు చేతులా కిందికి లాగాడు. ఇంజను దగ్గింది. హోరు తగ్గుతూ తగ్గుతూ ఉండగా ఇనుము చీలిన శబ్దం ఒక్కటి, మట్టికుండ పగిలినట్టు వినిపించింది.

ఏదీ ఎగరలేదు. చక్రం అంచు నుంచి నడుమ దాకా నల్లటి పగులు నోరు తెరుచుకుని, అలాగే ఆగిపోయింది. ఇంజను ఇంకాస్త ఊపు మీద ఉంటే ఆ ముక్కలు గదిలో దేన్నీ మిగిల్చేవి కావు.

మొగులయ్య ఇంజను మీద చెయ్యి వేశాడు. అది ఇంకా వెచ్చగా ఉంది.

"గిది బతికే ఉన్నది," అన్నాడు. "నేనే బతికిస్తి." అప్పుడు ఏడ్చాడు.

సంత్రీలు వచ్చారు. ఆయన వాళ్ళవైపు చూడలేదు. వసుమతి చేతిలోని కార్డును చూశాడు.

"నువ్వు టైపు గొట్టేటిదానివి కాదా బిడ్డా?"

"కాదు కాకా."

ఆయన తల ఊపి చేతులు ముందుకు చాపాడు.

*

సాయంత్రం కాచిగూడ స్టేషన్లో, మన్మాడ్ వైపు రైలెక్కబోతూ కేటీ దొరికింది. నల్ల కళ్ళద్దాలు తీసి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని, పక్కా తెనాలి తెలుగులో ఎనిమిది రకాలుగా తిట్టిందట.

"చూశావా అమ్మాయ్? వృషభ లగ్నం తప్పలేదు!" అన్నాడు కోదండరామయ్య.

"లగ్గం సార్."

"ఏదైతేనేం, ముహూర్తానికి పని జరిగింది."

"ఇంజను ఆపింది మొగులయ్య. ఆయనే ఆపకపోతే..."

"కట్టింది కూడా ఆయనే కదమ్మా." చీఫ్ కాసేపు కళ్ళజోడు తుడుచుకున్నాడు. "కోర్టులో ఆ మాట నువ్వే చెప్పు. నేను అడ్డురాను. నీ సామాను తెచ్చుకో, పో. ఆ ఇంట్లో ఇంక పనిలేదు."

*

బాగా చీకటి పడ్డాక వసుమతి నాంపల్లి సందులోకి వచ్చింది. పూలమ్మ వంట చేసి గడపలో కూర్చుని ఉంది.

"ఒక్కదానివే వచ్చినవేంది? కాక కనబడలే?"

చెప్పకుండా వెళ్ళిపోవచ్చు. సామాను ఒక్క పెట్టే. కానీ వసుమతి గడప అవతలే నిలబడి అంతా చెప్పింది. కేటీ, రంపం కోత, సీసం, ఊడ్చే ఆడవాళ్ళు, లివరు, కాకను ఉంచిన పోలీసు స్టేషను. తనెవరో కూడా.

సందులో ఎవరిదో రేడియో వార్తలు చదువుతోంది.

"మనుషులకేం గాలే గద?"

"ఏం కాలేదు."

"మిషినికి?"

"దానికీ కాలేదు."

"లగ్గం ముచ్చట నీకు నేనే జెప్తి," అంది పూలమ్మ మెల్లగా. "గదే వోయి వాళ్ళకు జెప్పినవా?"

"ఔ చిన్నమ్మా."

'అవును' పోయి ఆ 'ఔ' తన నోటికి ఎప్పుడు పట్టుబడిందో వసుమతికే తెలియదు.

పూలమ్మ లేచి లోపలికి వెళ్ళింది. కంచం కడిగి, అన్నం, చింతపండు పులుసు వడ్డించి వసుమతి ఎప్పుడూ కూర్చునే చోట పెట్టింది. పక్కన చెంబుతో నీళ్ళు పెట్టింది. తర్వాత టిఫిన్ గిన్నెలో మొగులయ్య వంతు సర్దింది. మూత బిగించి, ఆయన దుప్పటి మడిచి చంకన పెట్టుకుంది. తలమీద కొంగు కప్పుకుంది.

వసుమతి దారి ఇస్తూ పక్కకు జరిగింది. పూలమ్మ ఆమె ముఖం చూడలేదు. గడప దాటి, పోలీసు స్టేషన్ వైపు నడుచుకుంటూ వెళ్ళిపోయింది. తలుపు దగ్గరికి వెయ్యలేదు, తాళం తీసుకోలేదు. ఇంట్లో మనిషి ఉంది కదా.