రెండు సైకిళ్ళకి ఒక రాక్

“మీరు అమ్మడానికి కూర్చున్నారా, వద్దని చెప్పడానికి కూర్చున్నారా?”

అలా అడిగిన అమ్మాయి చేతిలో ఒక కాగితం ఉంది. కారు మీద సైకిళ్ళు తీసుకెళ్ళే మార్గాలు, ఒక్కోదాని మంచీ చెడూ, గీతలు గీసి మరీ రాసుకొచ్చింది. ఆస్పత్రిలో నర్సు. రోగుల పట్టికలు నింపీ నింపీ ఆ చేతికి అదే అలవాటు.

ఎదురుగా నిలబడినవాణ్ణి ఆ వీధిలో అందరూ టేపు అంటారు. కార్ల సామాను అమ్మే బాబాయి దుకాణంలో బిగింపు పని అతనిది. డిగ్రీ పట్టా ఇంట్లో గోడకి ఉంది, కొలిచే టేపు నడుముకి ఉంది. కొలవకుండా మేకు కూడా కొట్టడని బాబాయి నలుగురిలో నవ్వుతాడు.

వెనక తలుపుకి పట్టీలతో కట్టే రాక్ కావాలని ఆమె వచ్చింది. అది వీళ్ళ కారుకి పనికిరాదని అతను తేల్చేశాడు. పట్టీల కొక్కేలు ఆనేచోట ఉన్నది ప్లాస్టిక్ అంచు. రెండు సైకిళ్ళ బరువుతో ఘాట్ రోడ్డెక్కితే అది ఊడి చేతికొస్తుంది. అయితే పైకప్పు మీద బిగించేదే ఇవ్వమంది. అతను కారు పక్కన నిలబడిన వాళ్ళ నాన్నగారి వైపు తిరిగి, దుకాణం ముందున్న సైకిలు ఒక్కసారి ఎత్తి కప్పు మీద పెట్టి చూడమని అడిగాడు.

ముప్పై ఏళ్ళు బస్సు నడిపి రిటైరైన మనిషి. ఇదో పెద్ద పనా అన్నట్టు సైకిలు ఎత్తాడు. ఛాతీ దాకా వచ్చి ఆగింది. మెల్లగా కిందికి దించి, కారు ఎత్తు పెరిగినట్టుందే అని నవ్వాడు. ఎడమచెయ్యి మాత్రం కుడిభుజాన్ని పట్టుకునే ఉంది.

“ఎన్నాళ్ళ నుంచి నాన్నా?”

“ఏది?”

“భుజం.”

“అబ్బే, బస్సు స్టీరింగు ఇచ్చిన బహుమానంలే.”

ఆమె కాగితం మడిచి సంచిలో పెట్టుకుని టేపు వైపు చూసింది. కోపం ఇంకా పోలేదు, కానీ దాని వెనకాల మరేదో ఉంది. ఆ చూపు కొలతకి అందలేదు అతనికి.

ఇక మిగిలింది మూడో దారి. కారు వెనకవైపు అడుగున ఇనుప కొక్కెం బిగించి, దాని మీద పలకలాంటి రాక్ కూర్చోబెట్టడం. మోకాలెత్తు దాకా లేపితే చాలు, సైకిలు ఎక్కేస్తుంది. గోడౌన్ నుంచి రావాలి, బుధవారానికి వస్తుందన్నాడు.

అప్పుడు తెలిసింది అతనికి సంగతి. ఆమెకి కొండమీది ఊళ్ళో పెద్దాసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. పై సోమవారం చేరాలి. ఆమెకి ఏడేళ్ళప్పటి నుంచి తండ్రీ కూతుళ్ళిద్దరూ సెలవు దొరికితే చాలు, సైకిళ్ళు తీసేవాళ్ళు. ఇక నుంచి ఆయన ఒక్కడే తొక్కుకోవాలి. అందుకని గురువారమే బయల్దేరి, ఆమె ఉద్యోగంలో చేరేలోగా మూడు రోజులు అక్కడి సరస్సు చుట్టూ కలిసి తిరగాలని ఆయన కోరిక.

మర్నాటి నుంచి రోజూ సాయంత్రం డ్యూటీ అయ్యాక ఆమె సైకిలు మీద దుకాణానికి వచ్చేది. పెట్టె వచ్చిందా అని అడిగేది. రాలేదనేవాడు. అక్కడితో అయిపోవాల్సిన మాట, చెయిన్‌కి నూనె ఎప్పుడు వెయ్యాలి అనే దాకా వెళ్ళేది. అక్కణ్ణుంచి ఆమె వార్డులోని చెవిటి తాతగారి దగ్గరికి, అతను పరీక్ష తప్పిన లెక్కల పేపరు దగ్గరికి. ఒకరోజు వాన పట్టుకుంటే గంటసేపు రేకు కింద నిలబడి, తగ్గింది వెళ్తానంది. తగ్గలేదన్నాడు. ఆమె చెయ్యి చాచి చూసి, ఒక్క చినుకూ పడలేదని నవ్వి వెళ్ళిపోయింది. ఆ రాత్రి అతనికి అన్నం సయించలేదు.

బుధవారం పొద్దున పెట్టె వచ్చింది.

వెంటనే ఫోన్ చెయ్యాలి. ఫోన్ తీశాడు కూడా. బిగించడానికి రెండు గంటలు. ఆ రెండు గంటలతో సరి, ఇక సాయంత్రాలు ఉండవు. బాబాయి ఊళ్ళో లేడు, అడిగేవాళ్ళు లేరు. పెట్టెని సీటు కవర్ల వెనక్కి తోసేశాడు. సాయంత్రం ఆమె అడిగితే రాలేదన్నాడు. పుట్టి బుద్ధెరిగాక సరుకు విషయంలో కొనేవాళ్ళతో అతను ఆడిన మొదటి అబద్ధం అది.

గురువారం ఆమె వచ్చింది గానీ సైకిలు దిగలేదు. పొద్దున్నే వాళ్ళ నాన్న రెండు సైకిళ్ళకీ గాలి కొట్టి, తుడిచి, ఇవాళ కాదుగా అని మళ్ళీ లోపల పెట్టాడట. మూడు రోజులు రెండయ్యాయి, పోనీలే అన్నాడట.

“పెట్టె నిన్న పొద్దున్నే వచ్చింది,” అన్నాడు టేపు.

“నిన్న రాలేదన్నారుగా.”

“అబద్ధం చెప్పాను.”

“ఎందుకు?”

“బిగిస్తే మీరు వెళ్ళిపోతారు.”

ఆమె పెడల్ మీద కాలు పెట్టింది. “మీరు తినేసింది మా నాన్న రోజు,” అని, రేపు ఏడింటికి కారు తెస్తామని చెప్పి వెళ్ళిపోయింది.

శుక్రవారం అతను తలెత్తకుండా బిగించాడు. ఆమె పలకరించలేదు. పెద్దాయన సైకిళ్ళని పట్టుకుని ఊపి చూసి, బస్సు బాడీలా ఉందని మెచ్చుకున్నాడు. దుకాణంలో ఒక పద్ధతి ఉంది: రాక్ బిగించినవాడే మొదటి అయిదు కిలోమీటర్లూ వెనక సీట్లో కూర్చుని, వెనక అద్దంలోంచి సైకిళ్ళు కదులుతున్నాయేమో చూసి దిగాలి. ముందు సీట్లో ఆమె సామాను ఉంది. కాబట్టి ఆమె కూడా వెనకే కూర్చుంది.

ఇద్దరూ మెడలు తిప్పి సైకిళ్ళనే చూస్తున్నారు. దుకాణం చిన్నదైపోయి, మలుపులో మాయమైంది.

“నా కోపం పోలేదు,” అంది ఆమె మెల్లగా.

“పోవద్దు.”

“పెట్టె వచ్చిందో లేదో ఫోన్‌లో అడగొచ్చు. మీ నంబరు నా దగ్గరుంది. రోజూ నాలుగు కిలోమీటర్లు ఎందుకు తొక్కుకుంటూ వచ్చానో ఒక్కరోజన్నా ఆలోచించారా మీరు?”

అతను సైకిళ్ళ మీంచి చూపు తిప్పాడు. ఆమె తిప్పలేదు. చెవి మాత్రం ఎర్రబడింది.

అయిదో కిలోమీటరు దగ్గర పెట్రోలు బంకు ముందు కారు ఆగింది. టేపు తలుపు తెరిచి, అన్నీ బిగువుగా ఉన్నాయని, ఇక భయం లేదని చెప్పాడు. ఆమె ఒళ్ళో చేతులు పెట్టుకుని వాటినే చూసుకుంటోంది.

ముప్పై ఏళ్ళు ప్రయాణికుల్ని అద్దంలో గమనించిన పెద్దాయన, ఇప్పుడూ అద్దంలోంచే మాట్లాడాడు.

“ఇదంతా సాపు రోడ్డేనోయ్ అబ్బాయ్. గతుకులన్నీ ముందున్నాయి. కొండెక్కాక కదా అసలు సంగతి తెలిసేది.”

“వెనక్కి ఎలా రావాలండీ?”

“అక్కణ్ణుంచి ఇక్కడికి రోజుకి నాలుగు బస్సులు. డ్రైవర్లంతా మనవాళ్ళే.” గేరు వేశాడు. “ఇక్కణ్ణుంచి అక్కడికీ నాలుగే. ఎప్పుడైనా అవసరం పడొచ్చు, గుర్తుపెట్టుకో.”

ఆమె కొంచెం పక్కకి జరిగింది.

టేపు తెరిచిన తలుపు మూశాడు, లోపలి నుంచి.