మాత్రలమ్మ దాచిన మాట

పొద్దున్నే టైలరుగారి కడుపు చూస్తే, పుచ్చకాయ మింగేసి పైన చొక్కా గుండీలు పెట్టుకున్నట్టుంది. లివరు పాడై కడుపులో నీరు పట్టడం ఆయనకు కొత్త కాదు. ఈసారి జ్వరం, నొప్పి కూడా తోడయ్యాయి. ఆయన భార్య అలవాటుగా బిస్కెట్ల డబ్బా అందుకుంది. ఇంట్లో ఎవరెవరో వాడి మిగిల్చిన మాత్రలన్నీ అందులోనే. వీధి చివర ఎవరు తుమ్మినా ఆ డబ్బా మూత తనంతట తానే లేచేదట! అందుకే అందరూ ఆవిడను మాత్రలమ్మ అనేవారు.

"ఈసారి మీ వైద్యం వద్దత్తయ్యా" అని కోడలు ఆటో పిలిచింది.

ఆస్పత్రిలో సూదితో కడుపు నీరు తీసి చూశారు. ఇన్ఫెక్షన్.

"ఇంతకు ముందు యాంటీబయాటిక్స్ ఏమైనా వాడారా?" అంది డాక్టరు.

"అబ్బే, ఒక్కటీ లేదమ్మా!" అంది మాత్రలమ్మ.

రెండు రోజులు ఇంజెక్షన్లు ఎక్కాయి. జ్వరం దిగలేదు. టైలరుగారి మాట తడబడుతోంది. మళ్ళీ నీరు తీస్తే ఇన్ఫెక్షన్ పెరిగిందే గానీ తగ్గలేదు.

"క్రిములు ఈ మందుకు లొంగట్లేదు. దేనికి లొంగుతాయో రిపోర్టు రేపు గానీ రాదు. అంతవరకు ఆయన తట్టుకోవాలి" అంది డాక్టరు.

వరండాలో కోడలు అత్తను నిలేసింది.

"నొప్పన్నప్పుడల్లా మామయ్యకు డబ్బాలోని యాంటీబయాటిక్ మాత్రలు రెండేసి ఇచ్చారుగా! చెప్పరేం?"

"రెండే కదే! నొప్పి తగ్గగానే ఆపేసేదాన్ని."

"ఆ రెండేసితో పూర్తిగా చావక క్రిములు ఆరితేరిపోయుంటాయి!"

"ఇప్పుడు చెబితే వీధిలో నా మొహం ఎలా చూపించుకోను?"

"ముందు ఆ మొహం చూడ్డానికి మామయ్య ఉండొద్దూ?"

మాత్రలమ్మ సరాసరి డాక్టరు దగ్గరికెళ్ళి, చేతిసంచిలోంచి డబ్బా తీసి బల్ల మీద బోర్లించింది. ఆస్పత్రికి కూడా తెచ్చుకుంది మరి!

"అబద్ధం చెప్పాను తల్లీ. ఇవన్నీ వేశాను."

డాక్టరు తిట్టలేదు. అట్టలు తిప్పి చూసి, "మంచిపని చేశారు. క్రిములు వీటికి అలవాటుపడ్డాయన్నమాట. రిపోర్టు దాకా ఆగొద్దు. మందు ఇప్పుడే మారుస్తా" అని లేచింది.

మర్నాడు రిపోర్టు అదే మాట చెప్పింది: పాత మందులకు లొంగదు, కొత్తదానికి లొంగుతుంది. ఇంకో రోజుకు జ్వరం ఎంత జోరుగా పారిపోయిందంటే, ఆ గాలికి వార్డు తలుపులు కొట్టుకున్నాయట!

టైలరుగారు కళ్ళు తెరిచి, లేచి కూర్చున్నారు. "ఏమే, ఏడుస్తున్నావా?"

"నా చేత్తోనే మీ ప్రాణం మీదికి తెచ్చానండీ..."

"మళ్ళీ నీ నోటితోనే దక్కించావుగా."

కోడలు అత్త భుజం చుట్టూ చెయ్యేసింది. మాత్రలమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని, పక్క మంచం మీద కడుపుబ్బి పడుకున్నాయన భార్య వైపు తిరిగింది. మూడంతస్తుల కింద కాపలావాడికి కూడా వినబడింది ఆవిడ గొంతు:

"ఏమ్మా! మీ ఆయనకి ఏ మాత్రలు వేశావో దాచకుండా చెప్పెయ్. నేను చెప్పా. మా ఆయన లేచి కూర్చున్నాడు, చూడు!"