మోగని తుపాకీ

కలప డిపో దాటాక మలుపులో ఉన్న మేడ గురించి అడిగితే, ఎవరైనా ముందు గొంతు తగ్గిస్తారు. చీకటి పడ్డాక ఆ కిటికీ కిందనుంచి నడిస్తే, పైనుంచి ఎవరో గుసగుసగా "తీసుకెళ్ళిపో..." అంటారట. ఆ ఇంటి ఇల్లాలు జబ్బు చేసి పోయిన దగ్గర్నుంచీ వినపడుతోందట. ఇంకేం, అది ఆవిడ గొంతేనని తీర్మానించేశారు. ఎద్దు ఈనిందంటే దూడని గాటికి కట్టెయ్యమనే జనం. విన్న ప్రతివాడూ కాళ్ళకి బుద్ధి చెప్పాడు గానీ, ఏం తీసుకెళ్ళాలని ఒక్కడూ అడగలేదు. అదే నాకు ఒళ్ళు మండేది.

సరే... ఇది మా మేనమామ చెప్పగా విన్నది. పాత తుపాకులు బాగుచేయడం, వాటికి వెల కట్టడం ఆయన పని. ముక్కుసూటి మనిషి. అబద్ధం ఆడితే ఆ పూట ముద్ద దిగదు. ఆ మేడలో ఒంటరిగా ఉంటున్న పెద్దాయన ఒకరోజు కబురు పెట్టాడు — జోడు గొట్టాల తుపాకీ ఉంది, వచ్చి చూడమని. పగలు తలుపు తీయడట, రాత్రి రమ్మన్నాడట.

"వెళ్ళకండి," అంది అత్తయ్య.

"దెయ్యానికి తుపాకీతో పనేముంటుందే," అని మామయ్య బయల్దేరాడు.

పైన గదిలో కుర్చీలన్నిటికీ దుప్పట్లు కప్పి ఉన్నాయి. ఒక్క దీపం. పెద్దాయన చొక్కాలో మనిషి సగమే ఉన్నాడు. తుపాకీ బల్ల మీద పెట్టాడు.

"ఒకటే మాట నాయనా. విలువైనదైతే ఇప్పుడే పట్టుకుపో. కాదంటే నా దగ్గరే ఉంటుంది... నాకు దాంతో ఒక్కటే పని మిగిలింది."

ఆ మాట అప్పుడు మామయ్య బుర్రకెక్కలేదు. ఆయన కళ్ళన్నీ తుపాకీ మీదే. ముందు తెరిచి చూశాడు... ఖాళీ. ఇనుము మీద ఎగిరే పిట్టల్ని చెక్కారు, ఈక ఈకా కనిపిస్తోంది. చెక్క పిడి చేతిలో ఒదిగిపోయింది. ఎప్పటిదో, ఎంత ఓపికతో చేశారో.

ఇక అసలు పరీక్ష. గొట్టాల జంటని ఊడదీసి, కింది కొక్కేన్ని వేలికి తగిలించి గాల్లో వేలాడదీస్తారు. వేలి కణుపుతో తడితే, రెంటినీ కలిపిన అతుకు బాగుంటే గంటలా ఖంగుమనాలి. అతుకు విడిస్తే పగిలిన కుండ చప్పుడే.

"కాస్త ఎడంగా ఉండండి బాబాయిగారూ, దీనికేదీ తగలకూడదు."

పెద్దాయన దీపాన్ని రెండు చేతులా పట్టుకుని గోడ దాకా వెనక్కి వెళ్ళాడు.

మామయ్య తట్టాడు. టక్.

మళ్ళీ తట్టాడు... టక్. గొట్టాల బరువు వేలిని కిందికి లాగేస్తోంది. వయసు మీదపడుతోంది అనుకున్నాడు.

"పైన ఎంత అందంగా ఉన్నా లోపల అతుకు పోయిందండీ. దీనికి వెల లేదు."

పెద్దాయన దీపాన్ని బల్ల మీద పెట్టాడు.

"సరిగ్గా చూశావా నాయనా?"

"చూశానండీ."

"అయితే... ఉండనీలే."

మామయ్య గొట్టాలు బిగించి ఇచ్చేసి, మెట్లు దిగాడు. కిటికీ కిందకి వచ్చాడో లేదో —

"తీసుకెళ్ళిపో..."

పరిగెత్తేవాడే... కానీ ఆ గొంతు ఇందాక విన్నదే. తలెత్తి చూశాడు. కిటికీలో పెద్దాయన, తుపాకీని గుండెకి హత్తుకుని, వీధిలోకి అంటున్నాడు. రోజూ దారినపోయే ప్రతివాణ్ణీ అలాగే అడుగుతున్నాడన్నమాట.

అప్పుడర్థమైంది మామయ్యకి, ఆ మిగిలిన ఒక్క పని ఏమిటో. రెండేసి మెట్లెక్కుతూ పైకి పరిగెత్తాడు.

"పొరపాటు చేశాను బాబాయిగారూ... వెలుతురు చాల్లేదు. ఇలాంటి తుపాకీ నా జన్మలో చూళ్ళేదు. నాకిచ్చెయ్యండి."

పెద్దాయన ఇచ్చేశాడు. ఇచ్చి, మామయ్య చెయ్యి పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. తెల్లవారేదాకా మామయ్య అక్కడే కూర్చున్నాడు. పొద్దున్నే పెద్దాయన్ని కూడా వెంటబెట్టుకుని ఇంటికి బయల్దేరాడు. మలుపు తిరిగేసరికి భుజాన తుపాకీ ఉన్న సంచి ఉన్నట్టుండి తేలికైనట్టనిపించింది.

పెద్దాయన మామయ్య ఇంట్లో పడుకుని నిద్రపోయాడు. మామయ్యకి మాత్రం ముద్ద దిగలేదు. తన అబద్ధం ఏపాటిదో చూద్దామని గొట్టాల్ని వేలికి తగిలించి తట్టాడు.

ఖంగ్... ఇల్లంతా మోగింది. వంటింట్లోంచి అత్తయ్య పరిగెత్తుకొచ్చింది.

"ఊడిన అతుకు దానంతటది అతుక్కోదే," అన్నాడు మామయ్య మెల్లిగా. "బాగున్న గొట్టాలు మోగలేదంటే... రెండో కొసని ఎవరైనా పట్టుకుని ఉండాలి. పెద్దాయన చేతులు రెండూ దీపం మీదే ఉన్నాయి."

అత్తయ్య నిద్రపోతున్న పెద్దాయన వైపు చూసింది.

"మరి ఇన్నాళ్ళూ ఆ తుపాకీని వదలకుండా పట్టుకుని ఆయన్ని ఆపింది ఎవరనుకున్నారు," అంది.