ఇంటిపేరు గడి

పేరుగుమ్మం మూడోసారీ తెరుచుకోలేదు. ఎర్రయ్య అరచేయి పంచెకు తుడుచుకుని మళ్లీ పలక మీద ఆనించాడు.

"లోపలున్న నూకాలుదీ మీదీ ఒకే ఇల్లని తేలలేదు," అంది గుమ్మం, మర్యాదగానే.

తాళాలూ చీటీలూ పోయి ఇరవై ఏళ్లయింది. బడి అయినా, బస్సు అయినా, ఈ వైద్యగోపురమైనా, గుమ్మం జనఫలకాన్ని అడిగే తెరుచుకుంటుంది. జనఫలకంలో మనిషికొక వరస, వరసకు కొన్ని గడులు. ఇంటిపేరు గడి కలిస్తే అయినవాళ్లు. లేకపోతే బయటే.

పక్క బల్ల దగ్గర గుమాస్తా రోహిణమ్మ ఆ గడులు తెరిచి చూసింది.

"తాతా, మీ ఇద్దరికీ ఇంటిపేరు గడి ఖాళీ."

"అవునమ్మా. ఉప్పెన శిబిరంలో దొరికిన పిల్లలం. మాకు ఇంటిపేరు ఎవడు పెట్టాడు? పెళ్లినాడు ఏదో ఒకటి రాసుకోమన్నారు. దానికీ లేదు, నాకూ లేదు, సరిపోయిందిలే అన్నాను. నూకాలు నవ్వింది కూడా."

"అదే చిక్కు. ఖాళీ అంటే ఈ ఫలకం లెక్కలో ఇంటిపేరు లేదని కాదు, అదేమిటో తెలియదని. తెలియనివి రెండూ ఒకటేనని చెప్పదు."

"మరి వేరని చెబుతాదా?"

"అదీ చెప్పదు. అందుకే అయినవాళ్లున్న జాబితాలో ఆవిడ లేదు. ఎవరూ లేనివాళ్లకు కబుర్లు చెప్పడానికి మంచం పక్కన తోడుగొంతు పెడతారు. ఆ జాబితాలోనూ లేదు."

"ఇప్పుడు రాసెయ్యమ్మా, ఏదో ఒక పేరు."

"మీకు రాస్తాను. ఆవిడ గడికి ఆవిడే ఈ బల్ల దగ్గరికొచ్చి వేలు పెట్టాలి."

"నడవలేకే గదమ్మా లోపలుంది!"

రోహిణమ్మ తల దించుకుంది. "దీన్ని ఇలా కట్టినవాళ్లు ఎప్పుడో పోయారు తాతా. మారిస్తే ఊళ్లో గుమ్మాలన్నీ తలకిందులవుతాయని ఇప్పుడెవరూ ముట్టుకోరు." తర్వాత గొంతు తగ్గించింది. "ఆవిడకు ఇక నెల రోజులే అన్నారు వైద్యులు. మీరో పని చెయ్యండి. ఊడ్చేవాళ్లను గుమ్మం ఇంటిపేరు అడగదు. పని నంబరు చాలు."

ఊడ్పుమరలు మూలల్లో తడి వదిలేస్తాయి. దానికింకా మనుషులే కావాలి. డెబ్బై రెండేళ్ల వయసులో ఎర్రయ్య చీపురు పట్టాడు.

నాలుగో అంతస్తు, చివరి గది. నూకాలు అతన్నీ, అతని చేతిలో చీపురునీ మార్చి మార్చి చూసింది.

"ఇంట్లో ఒక్కనాడు చీపురు ముట్టావా?" అంది.

"జీతమిస్తున్నారు."

"అయితే ఆ మూల సరిగ్గా తుడు."

తుడిచాడు. మిగతా గదులు గబగబా ముగించి రోజూ ఇక్కడ నిదానించేవాడు. మంచం కింద, కిటికీ చువ్వలు, గోడ అంచు. తుడిచిందే తుడిచేవాడు. నూకాలు చేయి మంచం మీంచి కిందికి వేలాడేసి ఉంచేది. మంచం కిందికి వంగినప్పుడల్లా అది అతని భుజానికి తగిలేది. మాటలు తక్కువే. నలభై ఎనిమిదేళ్ల కాపురంలోనూ అంతే.

సాయంత్రం గోడపలక మీద మాత్రం రోజూ అదే వెలిగేది. చూడవచ్చినవారు: తేలలేదు.

పన్నెండో రోజు పొద్దున చీపురు తియ్యబోతే పనిపలక గంట కొట్టింది.

"గోపురంలో అన్నిటికన్నా శుభ్రమైన గది మీ చేతిదే. మీకు పై హోదా ఇచ్చి తొమ్మిదో అంతస్తుకు, పెద్దమనుషుల గదులకు మార్చాం. ఇకనుంచి మీ పని నంబరుకు ఆ అంతస్తు గుమ్మాలే తెరుచుకుంటాయి. అభినందనలు."

ఎర్రయ్య రోహిణమ్మ దగ్గరికి పరుగెత్తాడు. "వద్దని చెప్పమ్మా. దించెయ్యమను."

"దించాలంటే పని బాగోలేదని తేలాలి తాతా. తనిఖీ నెలకొకసారే." ఆమె వేళ్లు మడిచి లెక్కపెట్టబోయి మానేసింది. "ఆవిడకు నేను చెబుతానులే."

"ఏటని చెబుతావు? పని బాగా చేశానని పంపేశారనా?"

తొమ్మిదో అంతస్తు నేల అద్దంలా ఉంది. ఉప్పు మళ్లలో యాభై ఏళ్లు పనిచేసి, పని విషయంలో ఎవరిచేతా మాటనిపించుకోని మనిషి. చెత్తబుట్ట ఎత్తి ఆ నేల మీద బోర్లించాడు. దాని పక్కనే కూలబడి, చూసేవాళ్లెవరైనా వస్తారేమోనని ఎదురుచూశాడు.

ఐదంతస్తుల కింద, నూకాలు చేయి వేలాడేసే ఉంచింది. ఇప్పుడా గదిని మర ఊడుస్తోంది. చేయి అడ్డమొచ్చినప్పుడల్లా ఆగి, తగలకుండా పక్కనుంచి పోతోంది.