కాల్చకూడని చోట

"దోమ కాటు. శత్రువు మెదడులోకి దూరిపోనాడు," అంది చీఫ్ దాలమ్మ.

అది 2014 వానాకాలం. మెడ పక్కనున్న లింఫ్ గ్రంథి ఆమె హెడ్‌క్వార్టర్స్. ఎదురుగా నిలబడ్డవాడు లక్ష్ముడు, వైరస్ సోకిన కణాల్ని చంపే తెల్ల రక్తకణం, కిల్లర్ టి-సెల్. వీళ్లు కాపలా కాసేది జ్ఞానసుందరి ఒంటిని. శృంగవరపుకోట చర్చిలో పాటలు పాడే ఆవిడ, విజయనగరం ఆసుపత్రిలో స్పృహ లేకుండా పడి ఉంది.

దాలమ్మ వైరస్ తునక చూపించింది. "ఇదీ వాడి ఫొటో. మాట పుట్టే చోట నక్కినాడు. ఒరే, అక్కడ తుపాకీ తియ్యకు. కాలేయంలో ఒక సెల్లు సస్తే ఇంకోటి పుడతాది. అక్కడ పుట్టదు."

"మరేటి సెయ్యమంటావమ్మా? నాకొచ్చింది సంపడమే గదా!"

"ఇంటర్‌ఫెరాన్ మందు జల్లు. అది తగిల్తే ఆ సెల్లే వాడి పీక నొక్కుతాది."

మందు జల్లే ఉద్యోగమా అని లక్ష్ముడు లోలోపల సణుక్కున్నాడు.

మెదడు సరిహద్దు గోడ దగ్గర హైమ కలిసింది. నెత్తుట్లో తిరిగే మోనోసైట్ కణాల గస్తీ దళంలో అందగత్తె. కోడ్ అడక్కుండానే గేటు తీయించింది.

"రా బావా, దారి సూపిస్తాను."

లోపల ఒక వీధి న్యూరాన్లన్నిటికీ వైరస్ సోకి ఉంది.

"కాల్సు బావా! సూస్తావేటి?"

అలవాటు కొద్దీ కాల్చేశాడు. మంచం మీద జ్ఞానసుందరి పెదవి ఒక పక్కకి జారిపోయింది. ఆమె మొగుడు ప్రకాష్ కేక పెట్టాడు.

హైమ నవ్వింది. అప్పుడు చూశాడు లక్ష్ముడు, ఆమె పొట్టనిండా వైరస్! వాణ్ణి గోడ దాటించింది ఈవిడే. కాపలావాడి చేతే ఇల్లు తగలబెట్టిస్తే శత్రువుకి తూటా ఖర్చు కూడా ఉండదు.

"ఎప్పుడమ్ముడైపోనావే?"

"అమ్ముడవ్వలేదు బావా. వాడు నాలో దూరినాక ఇంక నాదంటూ ఏటున్నాది?"

ఆమెను కాల్చాడు. మోనోసైట్లు మళ్లీ పుడతాయి. అయినా లక్ష్ముడికి ఏడుపొచ్చింది.

మిగిలింది ఒక్క వీధి, అందులోనూ వైరస్ పాకుతోంది. అది పోతే జ్ఞానసుందరికి ఇక మాట లేదు. చెయ్యి తుపాకీ మీదికే పోయింది. పళ్లు బిగించి ఇంటర్‌ఫెరాన్ జల్లాడు. ఏమీ కాలేదు. మళ్లీ జల్లాడు. వైరస్ ఆఖరి న్యూరాన్ గుమ్మంలోకి వచ్చేసింది. ఇక కాల్చేయాల్సిందే అనుకున్న క్షణంలో, సోకిన న్యూరాన్ల లోపల వైరస్ నకళ్లు అచ్చు పడటం ఆగిపోయింది. న్యూరాన్లు బతికాయి.

హెడ్‌క్వార్టర్స్ నుంచి ఆర్డరు వచ్చింది. లక్ష్ముడు తిరిగి రానక్కర్లేదు, చచ్చేదాకా ఆ వీధిలోనే కాపలా. తను కాల్చిన వీధి ఎదురుగానే, ఖాళీగా.

జ్ఞానసుందరి కళ్లు తెరిచి, వంకర పెదవితో "నీళ్లు" అంది.

ప్రకాష్ ఏడుస్తూ నర్సుకి దండం పెట్టాడు. "ఆ గ్లూకోజు సీసాలో ఏటున్నాదో గానమ్మా, సచ్చినోళ్లని లేపేస్తాది!"