సువార్త సెలవు చీటీ

శనివారం పొద్దున ఎనిమిది కాకముందే ఎండ వరండా దాటి ఆఫీసు గదిలోకి వచ్చేసింది. వంటింట్లో వంటమనిషి నల్లమ్మ బొరుగుల ఉగ్గానికి తాలింపు వేస్తోంది. ఇంద్రాణి సోమవారం వాయిదా ఉన్న ఫైలు ముందేసుకుని మూడోసారి కాగితాలు తిరగేసింది. ఆ చీటీ లేదు.

అనంతపురం లేబర్ కోర్టులో ఇరవై రెండేళ్ళుగా ఆమె యాజమాన్యాల తరఫు లాయరు. ఇంద్రాణి మేడమ్ వకాల్తా వేసిందంటే కార్మికుడు సగం ఓడిపోయినట్టేనని కంపెనీల వాళ్ళు చెప్పుకుంటారు. ఈసారి కేసు బెంగళూరు రోడ్డులో ఉన్న ఒక గార్మెంట్స్ ఫ్యాక్టరీది. సువార్త అనే అమ్మాయి చెప్పాపెట్టకుండా పది రోజులు మానేసిందని పనిలోంచి తీసేశారు. ఆ అమ్మాయేమో, గర్భం పోయి ఆసుపత్రిలో ఉన్నాననీ, వెళ్ళేముందు నొప్పులతోనే సెలవు చీటీ రాసి సూపర్‌వైజర్ చేతికి ఇచ్చాననీ అంటోంది. అలాంటి చీటీయే లేదని కంపెనీ వాదన.

నాలుగు రోజుల కిందట కంపెనీ పంపిన హాజరు పుస్తకంలో, పేజీల మధ్య మడిచి ఉన్న ఆ చీటీ ఇంద్రాణికి దొరికింది. కింద సూపర్‌వైజర్ సంతకం కూడా ఉంది. వెంటనే మేనేజర్ జయరాంకు ఫోన్ చేసి అడిగితే "కనుక్కుంటాం మేడమ్" అన్నాడు. ఏం చేయాలో ఆమెకు తేలలేదు. చీటీని ఫైల్లో పెట్టి, రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అనుకుంటూ వచ్చింది.

ఎవరు తీసి ఉంటారు?

మొదట కూతురి మీదికి పోయింది మనసు. లా మూడో ఏడు చదువుతున్న ఆశ్రిత సెలవులకు వచ్చినప్పటినుంచి ఈ కేసు గురించే గొడవ. కానీ పిల్ల దాచుకునే రకం కాదు, చేస్తే ముఖం మీదే చెబుతుంది. రోజూ ఈ గది ఊడ్చేది నల్లమ్మ. పోయిన వారం ఆమె ఫోన్ మోగితే తెరమీద కనిపించిన పేరు ఇంద్రాణికి ఇప్పుడు గుర్తొచ్చింది. సువార్త.

లేచి హాల్లోకి వచ్చింది. అత్తగారు బయమ్మ మంచం మీద కూర్చుని కాఫీ తాగుతోంది. ఆశ్రిత పేపరు చూస్తోంది.

"నల్లమ్మా, ఇట్ల రా. నీకు సువార్త ఏమవుతుంది?"

నల్లమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి ఆగిపోయింది. "మా చెల్లెలి కూతురమ్మా."

"ఎనిమిది నెలలుగా ఆ కేసు ఈ ఇంట్లో నడుస్తాంటే ఒక్క మాట చెప్పలేదే?"

"చెప్తే నన్ను తీసేస్తారనుకున్నా."

"ఫైల్లో ఒక కాగితం పోయింది. నిజం చెప్పు, ఎవరికిచ్చినావు?"

"నేను ముట్టలేదమ్మా."

"నీ సంచి తీసుకురా."

"అమ్మా! ఏంటిది?" ఆశ్రిత లేచి నిలబడింది.

నల్లమ్మ సంచి తెచ్చి నేల మీద బోర్లించింది. అన్నం డబ్బా, మాత్రలు, చిన్న బైబిలు, బస్సు టికెట్లు. ఇంద్రాణి వంగి బైబిలు పేజీలు కూడా విదిలించి చూసింది. ఏమీ రాలలేదు.

నల్లమ్మ ఒక్కొక్కటే ఏరుకుని సంచిలో పెట్టుకుంది. స్టవ్ ఆపేసి వచ్చి, ఎవరి ముఖమూ చూడకుండా వెళ్ళిపోయింది.

"పదకొండేళ్ళు మన ఇంట్లో అన్నం వండిన మనిషమ్మా," అంది ఆశ్రిత. "ఒక్క అనుమానంతో దొంగను చేసినావు. కోర్టులో చేసే పని ఇంట్లో కూడా చేస్తావా?"

"నీకేం తెలుసు? ఆ కాగితం పోతే ఎవరికి లాభమో ఆలోచించినావా?"

అన్నాక ఆ ప్రశ్న ఇంద్రాణికే తిరిగి తగిలింది. ఎవరికి లాభం? చీటీ మాయమైతే కంపెనీకే గదా.

బయమ్మ గ్లాసు కింద పెట్టింది. "ఏమే ఇంద్రాణీ, నిన్న నువ్వు కోర్టుకు పోయినంక ఆ కంపెనీ ఆయప్ప వచ్చినాడు గదా. జయరామంట. మేడమ్ ఫైలు చూడమన్నాదని చెప్పి నీ గదిలో కూర్చున్నాడు. నీళ్ళడిగితే నేను లోపలికి పోయినా. వచ్చేసరికి మనిషి లేడు. నీకు తెలిసే వచ్చినాడనుకుంటి."

ఇంద్రాణి ఫోన్ అందుకుంది. జయరాం తడబడలేదు.

"ఆ కాగితం సంగతి మర్చిపోండి మేడమ్. అది మాదే గదా, మేమే తెచ్చుకున్నాం. మీరు ఆలోచిస్తా కూర్చుంటే మాకు భయమైంది. సోమవారం మా సూపర్‌వైజర్ బోనెక్కి చీటీ రాలేదని చెప్తాడు. మీరు అడగండి చాలు."

"ఆ ప్రశ్న నేను అడగను. సోమవారం మీ వకాల్తా వదులుకుంటాండా."

"ఇన్నేళ్ళ పేరు మేడమ్. ఒక్క కుట్టుపని పిల్ల కోసమా?"

ఇంద్రాణి ఫోన్ పెట్టేసింది. ఇరవై రెండేళ్ళు నమ్మకంగా పనిచేసిన తనను వాళ్ళు నమ్మలేదు. పదకొండేళ్ళు నమ్మకంగా పనిచేసిన మనిషిని తను నమ్మలేదు.

మధ్యాహ్నం ఊరి చివర నల్లమ్మ ఉండే కాలనీకి ఒక్కతే వెళ్ళింది. నీళ్ళ ట్యాంకర్ దగ్గర వరసలో బిందెలు. రేకుల ఇంటి గడపలో నల్లమ్మ కూర్చుని ఉంది. పక్కన బక్కపలచని అమ్మాయి. కోర్టులో దూరం నుంచి చూసిన సువార్త ముఖమే.

"తప్పు చేసినాను నల్లమ్మా. తీసింది వేరేవాళ్ళు."

నల్లమ్మ తలెత్తింది. "నాకు చదువొస్తుందమ్మా. మంగళవారం దుమ్ము తుడుస్తాంటే ఆ చీటీ చూసినా. మా పిల్ల రాతే. చేతిలోకి తీసుకుని మళ్ళీ ఆడే పెట్టినా. మీ ఉప్పు తింటాండా. దొంగతనంగా తెచ్చి గెలిపిస్తే మా పిల్ల తలెత్తుకుంటాదా? మీరే చూస్తారు, మీకే తోస్తాదిలే అనుకున్నా. సోమవారం దాకా ఎదురుచూద్దామనుకున్నా."

ఇంద్రాణి తల దించుకుంది.

"అందరి ముందర నా సంచి బోర్లించినావు. ఈడికి ఒక్కదానివే వచ్చి తప్పంటే ఎట్లమ్మా?"

"అందరి ముందరే చెప్తా. రా."

అప్పటిదాకా మాట్లాడని సువార్త మెల్లగా అడిగింది. "నా చీటీ మీరు చూసినారా మేడమ్?"

కంపెనీ రహస్యం నోటితో చెప్పే హక్కు లాయరుకు లేదు. ఇంద్రాణి పెదవులు కదిలాయి, మాట రాలేదు. కళ్ళు మాత్రం నిండాయి. సువార్త ఆ కళ్ళలోకి చాలాసేపు చూసింది.

"చాలు మేడమ్," అంటూ ఏడ్చేసింది. "సూపర్‌వైజర్ లేదన్నాడు, కుట్టు లైన్లో ఆడోళ్ళు లేదన్నారు. మా ఆయన కూడా నిజంగా ఇచ్చినావా అని అడిగినాడు. రానురాను నాకే అనుమానమైపోయినాది. ఆ నొప్పుల్లో ఇచ్చినట్టు కల గన్నానేమో అని."

ఇంద్రాణి ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుంది.

సోమవారం ఆమె వకాల్తా వదులుకుంది. కారణం చెప్పలేదు. చెప్పనందుకే కోర్టు హాలంతా గుసగుసలు పోయింది. చీటీ సంగతి బయటపడుతుందేమోనని సూపర్‌వైజర్‌ను బోనెక్కించే ధైర్యం కంపెనీకి లేకపోయింది. మూడో వాయిదాకు రాజీకి వచ్చి, ఆగిపోయిన నెలల జీతంతో సహా సువార్తను పనిలోకి తీసుకున్నారు. ఆ నెలలోనే మరో రెండు కంపెనీలు ఇంద్రాణి దగ్గరనుంచి ఫైళ్ళు పట్టుకుపోయాయి.

నల్లమ్మ మాత్రం ఇవన్నీ జరగకముందే, ఆ మర్నాడు ఆదివారమే వచ్చింది. వంటింట్లోకి పోకుండా హాల్లో నిలబడింది. బయమ్మ, ఆశ్రిత చూస్తుండగా ఇంద్రాణి ఎదురొచ్చి చేతులు జోడించింది.

"నల్లమ్మ దొంగ కాదు. నేనే గుడ్డిదాన్నైనాను. నన్ను క్షమించు."

నల్లమ్మ ఆ చేతులు పట్టుకుని కిందికి దించింది. "వద్దమ్మా, చాలు. ఇంకెప్పుడైనా అనుమానమొస్తే సంచి కాదు, నన్నడుగు. నేను చెప్పేది విను."

"వింటా," అంది ఇంద్రాణి, కళ్ళు తుడుచుకుంటూ.